పుంజు బయటుంటే బుడ్డోడు లోపల

(పత్తికొండ దగ్గర ఒక పల్లెలో, అంగన్‌వాడీ తల్లుల సమావేశంలో మాట్లాడినది. ఫోన్‌లో రికార్డు చేసింది విని రాశాం.)

అందరికీ నమస్కారం. వెనకున్న అక్కలు కొంచెం ముందుకు రండి, మైకు లేదు, నా గొంతు అంత దూరం వినపడదు. అవ్వా, నువ్వు ఆ గోడకు ఆనుకొని కూర్చో, అక్కడ ఎండ రాదు.

టీచరమ్మ నిన్న మా ఇంటికొచ్చి, మీ బుడ్డోడికి జరిగింది అందరి ముందూ చెప్పు, తల్లులకు పనికొస్తుంది అంది. నేను డాక్టర్ని కాదు. పదకొండేళ్లుగా నాటుకోళ్లు పెంచుతున్నాను, అంతే. ఇప్పుడు మా దొడ్లో చిన్నా పెద్దా కలిపి 26 ఉన్నాయి, అందులో పుంజులు రెండు. వేరుశనగ బుడ్డలు పండని ఏడాది మా ఇంట్లో ఉప్పూ పప్పూ కోళ్ల మీదే వచ్చాయి. అందుకని కోళ్లు పెంచొద్దని చెప్పడానికి నేను రాలేదు, పుంజును కోసేయమని చెప్పడానికీ రాలేదు. ఒకే ఒక్క మాట చెప్పాలి. ఐదేళ్లలోపు పిల్లలూ, పుంజూ ఒకే వాకిట్లో ఒకేసారి విడిగా తిరగకూడదు. ఒకరు బయట ఉంటే ఇంకొకరు లోపల. మిగతాదంతా ఇది ఎందుకో, ఎలాగో చెప్పడమే.

మా వాడికి అప్పుడు రెండున్నరేళ్లు. పొద్దున ఎనిమిదవుతుంది. నేను లోపల పొయ్యి దగ్గర ఉన్నాను. వాడు వాకిట్లో గొంతుక్కూర్చుని స్టీలు గిన్నెలో బొరుగులు తింటున్నాడు, నోట్లో రెండు పడితే కింద పది పడుతున్నాయి. పెట్టలు చుట్టూ చేరి ఏరుకుంటున్నాయి. మా ఎర్రపుంజు ఏడాదిన్నరది, మూడున్నర కిలోలుండేది. దాన్ని పిల్లగా ఉన్నప్పటి నుంచి మా వాడి పక్కనే పెంచాం, వాడి అరచేతిలోనే నూకలు తినేది, ఇద్దరికీ ఫోటోలు కూడా తీశాను. కిటికీలోంచి చూస్తే ఆ పుంజు ఒక రెక్కను నేలకు వాల్చి, పక్కవాటుగా అడుగులేస్తూ వాడి చుట్టూ తిరుగుతోంది. వాడు కిలకిలా నవ్వి గుప్పెడు బొరుగులు దాని మీదికి విసిరాడు. నేనూ నవ్వాను, డాన్సు చేస్తోంది చూడు అని. పొయ్యి మీద పాలు చూసుకుని మళ్లీ తలెత్తేలోపు కేక వినపడింది.

రెండు కాళ్లూ ముందుకు చాపి ఎగిరి ముఖం మీద కొట్టింది. నేను పరుగెత్తేసరికి ఇంకోసారి ఎగరడానికి మెడ ఈకలు నిక్కబొడుచుకుని నిలబడి ఉంది. ఎడమ కంటి కింద, రెప్పకు చిటికెన వేలి గోరంత దూరంలో, చిన్న చిల్లు. రక్తం పెద్దగా రాలేదు. అదే నన్ను మోసం చేసింది. రక్తం రాలేదు కదా, చిన్న గాయమేలే అనుకున్నాను. మా అత్త పసుపూ కాఫీపొడీ కలిపి గట్టిగా అదిమింది, నేను వద్దనలేదు, నాకూ అదే తెలుసు. సాయంత్రానికి చెంప బూరెలా ఉబ్బి కన్ను మూసుకుపోయింది. రాత్రికి రాత్రి కర్నూలు తీసుకుపోయాం. అక్కడ డాక్టరమ్మ ముందు చేసిన పని ఏంటో తెలుసా, మేం అదిమిన కాఫీపొడిని గాయంలోంచి కడిగి తీయడం. నలుగురం పట్టుకుంటే వాడు అమ్మా అమ్మా అని ఏడుస్తున్నాడు, ఆమె ఆ చిల్లులోంచి నల్లని ముద్ద బయటికి తీస్తూ ఉంది. పైన చూస్తే కందిగింజంత, లోపలికి అర అంగుళం దిగింది అంది. ఇప్పుడు వాడికి ఏడేళ్లు, చూపు బాగానే ఉంది. ఆ మచ్చ మాత్రం రోజూ స్నానం చేయించేటప్పుడు నా వేలికి తగులుతుంది.

తర్వాత నేను చాలామందిని అడిగాను, పుంజుల్ని గమనించాను. అప్పుడు అర్థమైంది, ఆ రెక్క వాల్చడం డాన్సు కాదక్కా. పెట్ట దగ్గర చేస్తే అది సరసం. మనిషి దగ్గర చేస్తే సవాలు. ఇంకో పుంజును చూసినప్పుడు ఏం చేస్తుందో మన దగ్గరా అదే చేస్తుంది. మెడ ఈకలు గొడుగులా విప్పడం, తల కిందికి దించి ఒక కంటితో అలాగే చూడటం, ఏమీ లేని చోట నేల మీద టకటకా పొడవడం, మనం వెనక్కి తిరగ్గానే నాలుగడుగులు వెంట రావడం. వీటిలో ఏ ఒక్కటి కనపడినా పిల్లోణ్ణి చంకనేసుకుని లోపలికి వచ్చేయండి. ఇంకోసారి చేస్తుందేమో చూద్దాం అనుకోవద్దు.

ఐదారు నెలలకు కూత పడుతుంది కదా, అప్పటి నుంచే ఈ గుణం మొదలవుతుంది. అంతకు ముందు అది ఎంత మెతకగా ఉన్నా లెక్క కాదు. నిన్నటిదాకా ఒళ్లో కూర్చుని ఉండేది, ఇవాళ ఏమైందో అంటారు. ఏమీ కాలేదు, వయసొచ్చింది. తన పెట్టల్ని, తన మేత జాగాను కాపాడుకోవడం దాని పని, గద్ద వచ్చినా కుక్క వచ్చినా ముందు అరిచేది అదే. ఇంకోటి, చేతుల్లో పెరిగిన పుంజుకు మనిషంటే బెరుకు ఉండదు. దూరంగా పెరిగినది మనల్ని చూసి తప్పుకుంటుంది, చేతిలో పెరిగినది ఎదురు తిరుగుతుంది. మా ఎర్రపుంజు విషయంలో మేం చేసిన తప్పు ఇదే అని నాకు గట్టిగా అనిపిస్తుంది.

పిల్లోడి వైపు నుంచి ఒకసారి చూడండి. రెండేళ్ల పిల్లలు మన దగ్గర పది, పన్నెండు కిలోలుంటారు. నాటుపుంజు మూడు, మూడున్నర. సంక్రాంతి పందేల కోసమని కొందరు తెచ్చే అసీల్ పుంజులు నాలుగైదు కిలోలు తూగుతాయి. అంటే పిల్లోడి బరువులో మూడో వంతు. మన బరువులో మూడో వంతున్నది మన మీదికి ఎగిరిందనుకోండి, ఇరవై కిలోల కుక్క మీద పడినట్టు. మన మీదికి పుంజు ఎగిరితే పిక్కకో మోకాలికో తగులుతుంది. రెండేళ్ల పిల్లోడికి అదే ఎత్తులో ముఖం ఉంటుంది, కూర్చున్నాడంటే సరిగ్గా కళ్లు. పెద్దోళ్లకు మోకాలి మీద గీత పడేది, పిల్లలకు కంటి మీద పడుతుంది. పైగా పిల్లలు ఊరికే ఉండరు. పరుగెత్తుతారు, కీచుమంటారు, తోక పట్టి లాగుతారు, కోడిపిల్లను ఎత్తుకుంటారు. పరుగెత్తేది కనపడితే పుంజు వెంటపడుతుంది, పిల్లను ఎత్తితే పెట్టే వెంటపడుతుంది. పిల్లల కోడిని తక్కువ చేయొద్దు, దానికి పుంజులా కాలి ముల్లు లేకపోయినా ముక్కు ఉంది, పిల్లలు వెంట ఉన్నన్నాళ్లూ అది పుంజు కంటే మొండిది.

చంటిపిల్లల సంగతి వేరు. వేపచెట్టు కింద చాప పరిచి పడుకోబెట్టి, కోళ్లే కదా అని బట్టలుతకడానికి పోతాం. కోడి నల్లటి చుక్కనో మెరిసేదాన్నో చూస్తే గింజ అనుకుని పొడుస్తుంది. మన పిల్లల చెంప మీద దిష్టిచుక్క, చెవికి బంగారు పోగు, కాలికి గజ్జెలు, నోటి పక్కన ఆరిన పాలు. అన్నీ దానికి మేతలాగే కనపడతాయి. ఇంక నడినెత్తిన మాడు ఉంటుంది కదా, ఏడాదిన్నర దాకా పూర్తిగా గట్టిపడదు. పుంజు పొడిచిన పోటు నెత్తి ఎముక దాటి లోపలికి దిగి, తలలో చీము పట్టిన పిల్లల కేసులు డాక్టర్లు రాసినవి ఉన్నాయి. కాబట్టి నడక రాని పిల్లల్ని కోళ్లు తిరిగే చోట నేల మీద పడుకోబెట్టడం అనేదే వద్దు. చీర ఉయ్యాల కట్టినా తలుపు లోపలే కట్టండి.

అవ్వలకు కూడా ఒక మాట. ఆస్ట్రేలియాలో గుడ్లు ఏరుకుంటున్న ఒక పెద్దావిడ కాలి మీద పుంజు పొడిస్తే, అక్కడ ఉబ్బిన నరం తెగి రక్తం పోయి చనిపోయింది. 2019లో అక్కడి డాక్టర్లు దాన్ని పత్రికలో రాశారు. పిక్కల మీద నీలంగా నరాలు తేలినవాళ్లు మీలో ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. గూట్లో చెయ్యి పెట్టేటప్పుడు పుంజు ఎక్కడుందో చూసుకోండి.

సరే, ఇప్పుడు మా ఇంట్లో ఏం చేశామో చెప్తాను, ఇదే అసలు పని. దొడ్లో తూర్పు గోడకు ఆనించి బేతంచెర్ల బండల ముక్కలు మూడు వైపులా నిలబెట్టి కోళ్లకు గూడు కట్టాం. అవి ఇంటికి పరిచినప్పుడు మిగిలినవే. ముందు వైపు ఇనుప జాలీ తలుపు. దాని ముందు ఐదడుగుల ఎత్తు జాలీ కట్టి చిన్న ఆవరణ చేశాం, లోపల కూర్చోవడానికి అడ్డంగా రెండు కట్టెలు. మన ఎండలకు బండలు పెనంలా కాలుతాయి, కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పుతుంది, అందుకని పైన జొన్నచొప్ప మందంగా వేసి మధ్యాహ్నం నీళ్లు చల్లుతాను. జాలీకి రెండు వైపులా గోనెసంచి కట్టాను, ఎందుకంటే పుంజుకు పిల్లోడు కనపడుతుంటే జాలీ లోపలి నుంచే కొట్టుకుంటుంది, పిల్లోడు కూడా జాలీలోకి వేళ్లు పెడతాడు.

తలుపు గడియ గురించి కొంచెం వినండి. మొదట కింద పెట్టాం. నెల తిరక్కుండానే మా వాడు తీయడం నేర్చుకున్నాడు, ఒక రోజు చూస్తే గూట్లో కూర్చుని గుడ్డు పట్టుకుని ఉన్నాడు, పుంజు ఆ సమయానికి వెనకాల ఉంది, దేవుడి దయ. ఆ సాయంత్రమే గడియను నా భుజం ఎత్తుకు మార్చి, పైన ఒక కొక్కెం కూడా పెట్టాం. తలుపు తనంతట తనే మూసుకునేలా పాత సైకిల్ ట్యూబు కట్టాం. ఖర్చు అంతా కలిపి జాలీకి అయిందే.

టైము ఇలా. పొద్దున పిల్లలు ఇంట్లో ఉన్నంతసేపు కోళ్లు ఆవరణలోనే. తొమ్మిదికి మా వాడు అంగన్‌వాడీకి పోయేవాడు, అప్పుడు వదిలేదాన్ని. మూడున్నరకు సద్దలు చల్లి డబ్బా మోగిస్తే అన్నీ లోపలికి వచ్చేవి. పది రోజులు అలవాటు చేస్తే చాలు, తర్వాత అవే వచ్చి తలుపు ముందు నిలబడతాయి. సెలవు రోజుల్లో పెట్టల్ని వదిలి పుంజును మాత్రం గంప కింద మూసేదాన్ని, గంప మీద రాయి తప్పకుండా పెట్టాలి.

జాగా లేని వాళ్లున్నారు, రెండు గదుల ఇల్లు, ముందు రోడ్డు. వాళ్లకు నేను చెప్పేది వేరు. పుంజు లేకపోయినా పెట్ట గుడ్డు పెడుతుంది. మనలో చాలామంది పుంజు లేకపోతే గుడ్లు రావనుకుంటారు. వస్తాయి, పొదిగితే పిల్ల కాదు, అంతే. ఇంట్లో గుడ్డు కోసమే అయితే పిల్లోడు బడికి పోయే వయసు వచ్చేదాకా నాలుగు పెట్టలు చాలు. కోడిపిల్లలు చేయించాలనుకుంటే పుంజున్న వాళ్ల దగ్గర గుడ్లు మార్చుకోవచ్చు. ఉంచుకుంటే మాత్రం ఎనిమిది, పది పెట్టలకు ఒక్క పుంజు. ఎక్కువైతే వాటి కొట్లాటలో పక్కనున్న పిల్లలకు తగులుతుంది. ఇంకో మాట, మనుషుల మీదికి వచ్చే పుంజు గుడ్లను పొదిగించొద్దు. ఆ గుణం కోడిపిల్లలకు వస్తుంది. ఆ గుడ్లు కూరకు వండుకోండి, రాగి సంకటిలోకి ఆ కూరంత రుచి ఇంకేదీ ఉండదు.

మొక్కు కోడి గురించి అడగాలని ఉన్నా అడగలేక కూర్చున్నారు కొందరు, నాకు తెలుసు. మా ఎర్రపుంజు సుంకులమ్మకు మొక్కినదే. బుడ్డోడికి జరిగాక మా ఆయన దాన్ని అమ్మేస్తానన్నాడు, అత్త ఒప్పుకోలేదు, అమ్మవారిది, కట్టేయడమే తప్పు, అమ్మడమా అంది. మూడు రోజులు ఇంట్లో అన్నం సరిగ్గా తినలేదు ఎవ్వరూ. నేను ఆమెతో గొడవ పడలేదు. అత్తా, ఇది అమ్మవారిదే, అందుకే కుక్క పట్టకుండా, పిల్లి ముట్టకుండా, ఎవరూ కాలితో తన్నకుండా భద్రంగా గూట్లో పెడదాం, జాతర దాకా నువ్వే మేత వెయ్యి అన్నాను. ఒప్పుకుంది. ఆ గూటికి పసుపు, కుంకుమ ఆమే పెట్టింది. పెద్దవాళ్ల మొక్కును కాదనకుండానే పిల్లోణ్ణి కాపాడుకోవచ్చు, కొంచెం మాట మెత్తగా ఉండాలి.

కాలి ముల్లు విషయం. ఏడాది దాటితే వేలి కణుపంత పెరుగుతుంది, సూదిలా ఉంటుంది. దాని లోపల ఎముక ఉంటుంది, రక్తం ఉంటుంది, పైన మన గోరు లాంటి పొర. అందుకని మొదలంటా కోయడం, పట్టకారుతో తిప్పి పీకడం, కడ్డీ కాల్చి పెట్టడం చేయొద్దు, దానికి నరకం. రాత్రిపూట అది మత్తుగా ఉన్నప్పుడు ఒకరు ఒళ్లో గుడ్డ చుట్టి పట్టుకుంటే, ఇంకొకరు ఆకురాయితో కొనను గుండ్రంగా అరగదీయాలి, చాలు. నేను రెండు నెలలకోసారి చేస్తాను. అలా అని మొండి ముల్లే కదా అని పిల్లోడి దగ్గర వదలొద్దు, ముక్కూ గోళ్లూ అలాగే ఉన్నాయి.

మీదికి వచ్చినప్పుడు తన్నకండి. తంతే పోరాటం అనుకుని మళ్లీ వస్తుంది, మీ కాలు మర్చిపోయి మీ కొడుకు మీద తీర్చుకుంటుంది. పరుగెత్తొద్దు కూడా. చాటో, తట్టో అడ్డం పెట్టి మెల్లగా ముందుకు నడవండి, అదే తప్పుకుంటుంది. మూడేళ్లు దాటిన పిల్లలకు మీరు పక్కనుండి నేర్పండి, గింజలు దూరం నుంచి చల్లాలి, నడవాలి, పరుగెత్తకూడదు, కోడిపిల్లల్ని ముట్టకూడదు. నేర్పాం కదా అని ఒంటరిగా వదలొద్దు.

గాయమైతే ఏం చేయాలో మీ అందరికీ గట్టిగా చెప్తాను, నేను చేయలేదు కాబట్టి. కుళాయి కింద సబ్బుతో పావుగంట కడగండి. పసుపు వద్దు, కాఫీపొడి వద్దు, సున్నం వద్దు, కిరసనాయిలు వద్దు. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు తీయకుండా అదిమి పట్టండి. కన్నైతే అదమొద్దు, రుద్దొద్దు, పైన గుడ్డ వదులుగా కప్పి నేరుగా ఆసుపత్రికి. కర్నూలులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, బండి దొరక్కపోతే 108కి ఫోన్ చేయండి. తల మీద పొడిస్తే చిల్లు ఎంత చిన్నదైనా చూపించాలి, తర్వాత రోజుల్లో జ్వరం, వాంతులు, మగతగా ఉంటే ఒక్క గంట కూడా ఆగొద్దు. టీకాల కార్డు వెంట తీసుకెళ్లండి. ధనుర్వాతం టీకా పడిందా అని ముందు అడుగుతారు. ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేసేదాంట్లో అది కూడా ఉంటుంది, ఏడాదిన్నరప్పుడు ఒకటి, ఐదేళ్లకు ఇంకొకటి. ఎవరికైనా తప్పిపోయుంటే ఇవాళే టీచరమ్మకు చెప్పండి. కోడి పొడిస్తే కుక్కకాటు ఇంజక్షన్లు వేయించాలా అని టెన్షన్ పడతారు కొందరు, కోళ్ల వల్ల ఆ జబ్బు రాదు.

జబ్బుల మాట క్లుప్తంగా. కోడి బాగా కనపడుతున్నా దాని రెట్టలో వాంతులు, విరేచనాలు తెచ్చే క్రిములుంటాయి, ఐదేళ్లలోపు పిల్లలకు అవి చాలా ఎక్కువ చేస్తాయి. కోడిని ముట్టిన చేతులు సబ్బుతో కడగాలి, గూటి చెప్పులు వేరుగా ఉండాలి, వాకిట్లో రాలిన బొరుగులు ఏరుకుని తిననివ్వకూడదు. పేన్లు పట్టాయని పొలం మందు పొడి కోడికి చల్లేవాళ్లున్నారు, ఆ కోడినే పిల్లోడు వాటేసుకుంటాడు. బూడిద గుంట తవ్వి పెట్టండి, అందులో అవే పొర్లుతాయి. కోళ్లు వరసగా చనిపోతుంటే పిల్లల్ని అటు పోనివ్వకుండా పశువుల డాక్టరుకు చెప్పండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది, మార్చిలో పల్నాడుకు చెందిన రెండేళ్ల పాప ఆ జబ్బుతోనే చనిపోయింది. పచ్చి మాంసం ముక్క నోట్లో పెట్టుకుందని అప్పుడు పేపర్లలో రాశారు. కోడి కోసే చోట, కడిగే చోట పిల్లలు ఉండకూడదు, ముక్కైనా గుడ్డైనా బాగా ఉడికాకే పెట్టాలి.

ఏం అవ్వా, ఏదో అంటున్నావు? గట్టిగా చెప్పు.

(‘మా పుంజు మంచిదేనమ్మా, నాలుగేళ్లయింది, ఇంతవరకు ఎవర్నీ ఏం చేయలేదు’ అని ఒక పెద్దావిడ అన్నారు.)

మంచిదే అవ్వా, నేను కాదనను. నాలుగేళ్లుగా మీ ఇంట్లో చిన్నపిల్లలున్నారా? లేరు కదా. మనవరాలు వచ్చే నెల కాన్పుకు వస్తోంది, పెద్దది రెండేళ్ల పాప వెంట వస్తుంది. నీ పుంజుకు ఆ పాప కొత్త. దాని ఎత్తులో నిలబడి, దాని పెట్టల మధ్యలోకి పరుగెత్తుకుని వచ్చే కొత్త మనిషి. వాళ్లు వచ్చేలోపే గూడు కట్టించు. రేపు మా ఆయన్ను పంపిస్తాను, మా ఇంట్లో ఇంకా ఆరడుగుల జాలీ ముక్క మిగిలి ఉంది, అది తీసుకో.

గూడు చూస్తామన్న వాళ్లు ఇప్పుడే నాతో రండి, ఇల్లు బోరింగు పక్కనే. గడియ ఎక్కడ పెట్టామో, ట్యూబు ఎలా కట్టామో చూసి కొలత తీసుకోండి. పిల్లల్ని మాత్రం ఎత్తుకుని రండి, కోళ్లు ఇంకా బయటే ఉన్నాయి.